మగ్గం గుంత మీద సైకిలు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, రాయడం నిదానం.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ధర్మవరంలో ఓబులేసు అనే నేతగాడు ఉండేవాడు. పెనుకొండ కొండెక్కే పరుగుపందెంలో అంతకుముందు ఏడు రెండడుగుల తేడాతో ఓడిపోయాడు. ఈసారి గెలిచి తీరాలనుకుంటే పందేనికి పది రోజుల ముందు చీలమండ బెణికింది.

"పరిగెత్తొద్దప్పా. సైకిలు నిలబెట్టి ఉన్నచోటే తొక్కు, కాళ్లలో బలం పోదు," అన్నాడు డ్రిల్లు మాస్టరు.

సైకిలుకు స్టాండు లేదు. చనిపోయిన నాయన మగ్గాన్ని ఇంట్లోంచి విప్పేసి నెలయింది. నేసేటప్పుడు నాయన కాళ్లు పెట్టి మగ్గం తొక్కిన గుంత ఖాళీగా ఉంది. దాని మీద పలకలు పరిచి, వెనక చక్రం లోపలికి వేలాడేలా సైకిలు బిగించాడు.

ఆరు రాత్రులు తొక్కినా నొప్పి తగ్గలేదు. బెణికిన పాదం జారిపోతుంటే విసుగెత్తి, గుడ్డపీలికతో పెడలుకు కట్టేశాడు.

"ఇంత తొక్కినా గడప దాటకపోతివి. యా ఊరు పోతాండావు మామా?" వాకిట్లోంచి భార్య గౌరి ఎగతాళి చేసింది.

"నోరు మూసుకొని పండుకో!"

కోపంతో వేగం పెంచాడు. గుంతలో ఎవరో మగ్గం తొక్కుతున్న చప్పుడు మొదలైంది.

ఓబులేసు ఆపాడు. చప్పుడు ఆగలేదు. పెడళ్లూ ఆగలేదు. కట్టిన పాదాన్ని తిప్పుతూనే ఉన్నాయి.

"సాలు మామా! ఇద్దరు తొక్కినట్ల శబ్దమొస్తాండాది," అంది గౌరి.

ముడి విప్పబోయి చెయ్యి ఆపేశాడు. చీలమండలో నొప్పి లేదు. ఇన్నాళ్లూ అందని వేగం ఆ కాలికి వచ్చేసింది.

"సాలు నాయనా," అన్నాడు గుంతలోకి చూడకుండా.

వేగం ఇంకా పెరిగింది.

ఇది రాసింది నారాయణమ్మ, అరవై నాలుగేళ్లు, ఇప్పుడు ఉండేది హిందూపురంలో.