చక్రాలమ్మ తల్లి

యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే చక్రాలను ఇకమీదట ఫోటోల కోసం ఎవరూ ఆపరాదు.

మొన్న తెల్లారకముందే మా తహీర్ గుంటకు కెమెరాతో ఒక తెల్లాయన వచ్చాడు. సరుకు కొనే కంపెనీ పంపిన మనిషి, కాదనడానికి లేదు. ఆయనకు వేల ఏళ్ల నాటి భారతదేశం కావాలట. తహీర్‌ని చొక్కా విప్పమన్నాడు. నీళ్లు అద్దంలా ఉండాలి, ఎండెక్కేదాకా చక్రాలు ఆపమన్నాడు.

"గాలందక రొయ్యలన్నీ చచ్చి తేలతాయని చెప్పన్నా!" అన్నాడు తహీర్ నాతో.

"రెండుసార్లు చెప్పినా గదరా. నవ్వుకుంటా స్విచ్చి కాడికి పోతాండాడు చూడు."

నేను అడ్డంపడి చెంపలేసుకున్నాను. ఈ వేళలో చక్రాలమ్మ తల్లి నీళ్లలో తిరుగుతుందని, చక్రం ఆగితే ఊరికి అరిష్టమని నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను.

ఆయన చెప్పులు విప్పి గుంటకు దండం పెట్టాడు. తిరిగే చక్రాలనే భక్తిగా ఫోటో తీసుకున్నాడు. వెళుతూ, తల్లిని వదలొద్దనీ, రొయ్యలకు గాలి అందదనే మూఢనమ్మకం మాత్రం మానుకోమనీ చెప్పాడు.

"అన్నా, పదేళ్లుగా ఈ గుంట నాది. ఈ అమ్మోరు ఎప్పుడొచ్చింది?" అన్నాడు తహీర్, చొక్కా తొడుక్కుంటూ.

తెల్లాయన స్విచ్చి దగ్గరికి వేసిన నాలుగడుగుల్లో వచ్చింది. ఆ తల్లి పూర్తిగా నా కల్పితం.