పనికిరాని ఫోటో

"ఇవేవీ పనికిరావండీ" అంటూ కళ్ల డాక్టరమ్మ ఆల్బమ్‌ను ఇవతలికి తోసేసింది.

ఫోటోగ్రాఫర్ ఆల్బమ్ వంకా ఆవిడ వంకా మార్చి మార్చి చూశాడు. తన ఫోటో పనికిరాదన్న మనిషిని అతను ఇంతవరకూ చూడలేదు. ఇంకో రోజైతే ఆ మాటకి కస్సుమని లేచేవాడే. పొద్దున ఆవిడ తన కూతురు చిట్టి కంట్లోకి లైటు వేసి చూసి, "లోపల గడ్డ ఉంది" అన్నప్పటి నుంచీ అతనికి ఒళ్లూ మనసూ మొద్దుబారిపోయాయి. కోపం కూడా రావట్లేదు.

గడ్డ కొత్తదైతే మందులకి లొంగుతుంది, కన్ను దక్కుతుంది. పాతదైతే కన్నే తీసేయాల్సి రావచ్చు. స్కానింగ్ రేపు. ఈలోగా పాప పాత ఫోటోలుంటే పట్రమ్మంది ఆవిడ. ఫోటోలకేం కరువు? ఇంటికి పరిగెత్తి, ఉన్నవాటిలో మంచివి ఏరి మరీ తెచ్చాడు.

"సరిగ్గా చూడండి డాక్టర్ గారూ. ఇది పోయినేడాదిది. రెండు కళ్లూ నల్లగా నిగనిగలాడుతున్నాయి. అంటే అప్పటికి గడ్డ లేనట్టేగా?"

"ఫ్లాష్ ఎలా వేశారు?"

ఆ ప్రశ్నకి ఆలోచించే పని లేదు. నోరు దాని మానాన అది చెప్పుకుపోయింది. "మొహం మీదికి సూటిగా వెయ్యనండీ. ఫ్లాష్ తల పైకి తిప్పి పైకప్పుకి కొడతాను. వెలుగు అక్కడ తగిలి మెత్తగా కిందికి దిగుతుంది. పైకప్పు మరీ ఎత్తుగా ఉంటే ఫ్లాష్ ముందు పల్చటి కాగితం అడ్డం పెడతాను. మొహం సున్నం కొట్టినట్టుండదు, వెనక గోడ మీద నీడ పడదు, కళ్లు ఎర్రబడవు. ఆదివారం క్లాసులో పిల్లలకి నేను చెప్పే మొదటి పాఠం ఇదే."

"అందుకే పనికిరావంటున్నాను" అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "వెలుగు సూటిగా కంట్లోకి పోయి తిరిగొస్తే, మంచి కన్ను ఎర్రగా పడుతుంది, గడ్డ ఉన్న కన్ను తెల్లగా పడుతుంది. మీ ఫోటోల్లో ఏదీ పడదు. చేతకానివాళ్లు ఎవరైనా తీసిన ఫోటో ఉంటే తెండి."

"అలాంటివి మా ఇంట్లో ఉండవండీ" అన్నాడు. ఎప్పుడూ మీసం మెలేస్తూ అనే మాట. ఇవాళ నేల చూపులు చూస్తూ అన్నాడు.

పక్క కుర్చీలో తల్లి భుజం మీద చిట్టి నిద్రపోతోంది. ఆ తల్లి, "మా తమ్ముడు తీశాడు కదండీ" అంది.

బావమరిదికి 'పిడుగు' అని పేరు పెట్టింది ఫోటోగ్రాఫరే. కొత్త డిజిటల్ కెమెరా చేతికొచ్చిన నాటి నుంచీ వాడు కనబడ్డవాళ్ల మొహంలో మొహం పెట్టి ఫటేల్మని ఫ్లాష్ కొట్టేవాడు. ఆ పేరు చుట్టాలందరి నోళ్లలోనూ నానింది.

ఫోటోగ్రాఫర్ వరండాలోకొచ్చి ఫోన్ చేశాడు. "ఏరా పిడుగూ, నువ్వు తీసిన చిట్టి ఫోటోలేమైనా ఉన్నాయా?"

"ఎక్కడివి బావా! పక్కన కూచోబెట్టుకుని అన్నీ తుడిపేశావుగా. కార్డు ఖాళీ అయ్యేదాకా అన్నం కూడా తిననివ్వలేదు."

"ఒక్కటీ లేదా?"

"నా దగ్గర లేదు."

హమ్మయ్య అనిపించింది. ఫోటో లేకపోతే గడ్డ కొత్తదే అనుకోవచ్చు, రేపటిదాకానైనా. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేయాలి. అదీ వేయలేదు.

"అయినా నీ దగ్గరే ఒకటుంది కదా బావా" అన్నాడు పిడుగు. "క్లాసుకి కావాలని నువ్వే పెద్దది వేయించుకున్నావు. నన్ను చూసి నవ్వని స్టూడెంటు లేడు. ఇంతకీ ఎందుకు? చిట్టి బాగానే ఉందా?"

అతను ఫోన్ పెట్టేసి స్టూడియోకి బయల్దేరాడు.

స్టూడియో తాళం తీసి లైటు వేశాడు. వెనక గదిలో కుర్చీలు ఆదివారం వదిలేసినట్టే అడ్డదిడ్డంగా ఉన్నాయి. బోర్డు పక్కన గోడకి వేలాడుతోంది ఆ ఫోటో. రోజూ కళ్లెదుటే ఉండి ఉండి అతనికది గోడలో కలిసిపోయింది.

దగ్గరికెళ్లి చూశాడు. చిట్టి మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. వెనక గోడ మీద బండ నీడ. మూల కెమెరా వేసిన తేదీ. రెండేళ్ల కిందటిది. ఒక్కో తప్పు చుట్టూ సున్నా చుట్టి, పక్కన పాఠం రాసి పెట్టాడు. కుడి కన్ను ఎర్రగా ఉంది. ఎడమ కన్ను పాలచుక్కలా తెల్లగా ఉంది.

కుర్చీలో కూలబడ్డాడు. ఏడుద్దామనుకున్నాడు, రాలేదు. ఊరికే కూచుని, ఆ తెల్ల కన్ను పక్కన తన గుండ్రటి చేతిరాతని కూడబలుక్కుంటూ చదివాడు:

"ఇది పెద్ద తప్పేం కాదు. కంప్యూటర్లో కాస్త నలుపు పూస్తే సరిపోతుంది."