లొరైన్ ఇంట్లో లేదు

ఎవరో తలుపు తట్టారు.

లొరైన్ నోటిదాకా వచ్చిన టీ కప్పు అక్కడే ఆగిపోయింది.

"కదలకు," అన్నాడు క్లైవ్ బాబాయ్. "మనం తలుపు తీయనంతవరకూ కోర్టు అమీనాలు లోపల కాలు పెట్టలేరు. చట్టం అమ్మాయ్, చట్టం!"

పాత ఇంటి గ్యాసు బాకీ మీద కోర్టు తీర్పిచ్చి నెల దాటింది. పదకొండు వందల పౌండ్లు. ఇవాళో రేపో జప్తుకి వస్తామని ఉత్తరం కూడా పంపారు.

గూల్ ఊళ్ళో ఇంటింటికీ తిరిగి కుక్కలకి స్నానం చేయించి బొచ్చు కత్తిరించే వ్యాను ఒక్కటే లొరైన్‌కి ఆధారం. అది పోతే కూడు పోయినట్టే.

ఇంటి తలుపుకి గడియ, గొలుసు, అడ్డంగా ఓ కుర్చీ. వ్యాను మాత్రం ఎదురుగా రోడ్డు మీదే ఉంది.

బాబాయ్ కర్టెన్ సందులోంచి తొంగిచూశాడు.

"అమీనా కాదులే. అమీనా అంటే గుమ్మమంత ఉంటాడు. వీడెవడో సైకిలు మీదొచ్చిన ఎండు ముసలాడు. గుమ్మం గుమ్మం తిరిగి కిటికీ అద్దాలు అమ్ముకునే రకం."

తలుపులోని ఉత్తరాల కంత తెరుచుకుంది.

"లొరైన్ టాస్కర్ గారున్నారా?"

"లేదు. స్పెయిన్ వెళ్ళింది," అన్నాడు బాబాయ్.

"ఎప్పుడొస్తారు?"

"ఎండ పడకపోతే రేపే వచ్చేస్తుంది."

లొరైన్ నవ్వు ఆపుకోలేక చెయ్యి కొరుక్కుంది.

"ఆవిడ సంతకం ఒకటి కావాలి. సంగతేంటో ఆవిడకే చెప్పాలి, ఇంకొకరికి చెప్పకూడదు."

"సంతకమట!" అని గొణిగాడు బాబాయ్. "నీకు అద్దాలు అంటగట్టేస్తాడే పిల్లా."

కంతలోంచి ఓ కవరు లోపలికొచ్చింది. బాబాయ్ దాన్ని అలాగే బయటికి తోసేశాడు.

మర్నాడు ముసలాయన మళ్ళీ వచ్చాడు.

ఈసారి బాబాయ్ నేలమీద చతికిలబడి కంత దగ్గర భౌభౌమని మొరిగాడు. కవరు మూల పళ్ళతో కొరికి మరీ వెనక్కి పంపాడు.

"బంగారం! లొరైన్ గారు వచ్చారా?" అన్నాడు బయటనుంచి ముసలాయన.

మొరిగినవాడే తెల్లబోయాడు.

మూడోరోజు వాన. ముసలాయన వ్యాను చాటున చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వచ్చి తట్టాడు.

"ఆవిడకి ఒక్క మాట చెప్పనివ్వండి సార్. రేపటికి నాచేతిలో ఉండదు."

"హల్ ఊళ్ళో వాళ్ళక్క ఇంట్లో ఉంది. చేపల మార్కెట్టు వెనక, నీలం తలుపు. పో!"

ముసలాయన సైకిలు తిప్పుకుని రైలు స్టేషను వైపు వెళ్ళిపోయాడు.

"పాపం, తడిసిపోయాడు బాబాయ్. నాకసలు హల్‌లో అక్కే లేదుగా."

"నీలం తలుపులైనా ఉంటాయిలే. ఇవాళ్టికి ఎవరికో ఒకరికి అద్దాలు అమ్ముకుంటాడు."

శుక్రవారం పొద్దున్నే వీధిలో గొలుసుల చప్పుడైంది.

లొరైన్ కుర్చీ తన్నేసి, గొలుసు తీసి, వట్టి కాళ్ళతో పరిగెత్తింది. ఇద్దరు మనుషులు వ్యానుని లారీ మీదికి ఎక్కిస్తున్నారు.

"నేను తలుపు తీయలేదుగా!"

"వీధిలో ఉన్న బండికి మీ తలుపుతో పనేంటమ్మా?"

"వారం నుంచీ ఇక్కడే ఉంది కదండీ, ఎవరూ ముట్టుకోలేదే!" అన్నాడు వెనకాలే వచ్చిన బాబాయ్.

"ఆఫీసులో అదే అడిగారు. నెలనెలా కొంచెం కొంచెం కడతానని ఆవిడ అర్జీ మీద సంతకం పెడితే ఇదంతా ఆగిపోతుందని ఒకాయన మొండికేశాడు. మూడుసార్లు ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. నిన్న సాయంత్రం ఫైలు లాగేసి మాకిచ్చారు."

"ఇప్పుడు పెడతాను! ఎక్కడ పెట్టాలి?"

"ఇప్పుడు సంతకంతో అవదమ్మా. మొత్తం కట్టాలి."

లారీ కదిలింది. బాబాయ్ దాని పక్కన నాలుగడుగులు నడిచాడు.

"ఒకాయన అన్నారే... ఎవరండీ ఆయన?"

"ఇంకెవరు, ఈ బండి జప్తు చేసుకు రమ్మని మొదట పంపిన అమీనా," అన్నాడు లారీలో మనిషి అద్దం పైకెత్తుతూ, "సైకిలు మీద తిరుగుతుంటాడు."