నూరు శాతం

"ఛార్జర్ పీకింది మీరేనా సార్?" అప్పుడే కరెంటు పోయిన సెల్లార్‌లో కారు మీదికి టార్చి వేశాడు అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్.

"నేనే. మా ఆవిడకి నెలలు నిండాయి. ఏ క్షణాన ఆస్పత్రికి పరుగెత్తాలో ఏమో! నిండిన బ్యాటరీలోంచి మీరు కరెంటు లాగేస్తుంటే గుడ్లప్పగించి చూడనా?"

"లాగేది పిసరంత సార్. సాయంత్రం అందరూ ఏసీలు వేసేసరికి లైను మీద లోడు పెరుగుతుంది. ఛార్జింగులో ఉన్న ఈ కార్లు కాస్త కరెంటు తిరిగిస్తేనే లైను నిలబడుతుంది. ఇవాళ మీలాగే తొమ్మిదిమంది పీకేశారు. వీధి మొత్తం పోయింది."

"పోతే పోనీ! నా కారు..."

జేబులో ఫోను మోగింది. భార్య.

"ఏమండీ, నేనెక్కిన లిఫ్టు మూడో అంతస్తు దగ్గర ఆగిపోయింది. నొప్పులొస్తున్నాయి. కారు రెడీయేనా?"

"రెడీ! నూరు శాతం ఉంది!"

"అయితే దాన్నే మూడో అంతస్తుకి ఎక్కించండి."

అతను గబుక్కున ఎలక్ట్రీషియన్ వైపు చూశాడు.

"లిఫ్టు నడపడానికి మీ ఒక్క కారు చాలు సార్."

అతను గబగబా కారుకి ప్లగ్గు పెట్టాడు. ఎలక్ట్రీషియన్ స్విచ్చి మార్చాడు. పైన లిఫ్టు కదిలిన చప్పుడైంది.

కారు తెరమీద నూరు కాస్తా తొంభై తొమ్మిదైంది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడతను.