పైకప్పు ఎవరిది?

“పైకప్పు మాది కాదమ్మా,” అన్నాడు రిజిస్ట్రారు, ఆమె సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టిన సిమెంటు పెచ్చును పెన్నుతో అవతలికి నెడుతూ. “చదువు యూనివర్సిటీది. భవనం కంపెనీది. ఒప్పందం అలా ఉంది.”

“ఇది నిన్న మా అమ్మాయి పక్క బెంచీ మీద పడింది సార్. జానెడు ఇవతల పడుంటే...” కూతురి తలకు కట్టు, పక్కన సెలైన్ సీసా, డాక్టరు పెదవి విరవడం, ఏదీ జరగకపోయినా, అన్నీ నిన్నటి నుంచి ఆమె కళ్లకు కట్టినట్టు కనిపిస్తున్నాయి. “సోమవారం ఆ ల్యాబులోనే ప్రాక్టికల్స్ అట. ఈలోగా బాగు చేయించండి.”

“మేనేజర్ని అడగండి.”

కంపెనీ మేనేజరు గది ఎదురుగానే ఉంది. మధ్యలో నాలుగడుగుల వరండా.

“భవనం మాదే, కాదన్లేదు,” అన్నాడతను మర్యాదగా కుర్చీ చూపిస్తూ. “కింద కూర్చునే పిల్లలు యూనివర్సిటీవాళ్లు కదండీ. పిల్లలు లేనప్పుడు పడితేనే మాకు సంబంధం.”

“పిల్లలు లేనప్పుడు చూసి పడమని పైకప్పుకు ఎవరు చెప్తారు బాబూ?”

“అది ఒప్పందంలో లేదండీ.”

ఆ గదికీ ఈ గదికీ తిరిగి తిరిగి మధ్యాహ్నానికి ఆమె చెప్పు తెగింది. ఫైళ్లు చూసే అమ్మాయి జాలిపడి కాగితం తీసి చూపించింది. మేస్త్రీని పిలవడానికి అంతా సిద్ధమే. ‘భవన బాధ్యులు’ అన్న గడి ఒక్కటే ఖాళీ. ఐదేళ్లుగా ఖాళీ.

“ఇందులో సంతకం లేనిదే మేస్త్రీని గేటు దాటనివ్వరు పిన్నిగారూ. వీళ్లిద్దరూ చచ్చినా పెట్టరు.”

“పోనీ, నేను పెట్టనా?”

ఆ మాట ఎలా విన్నారో గాని, రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. రిజిస్ట్రారు పెన్ను అందించాడు. మేనేజరు కుర్చీ లాగి వేశాడు. ఐదేళ్లలో వాళ్లిద్దరికీ మాట కలవడం అదే మొదటిసారట.

కోర్టు బోను, జైలు ఊచలు కళ్ల ముందు గిర్రున తిరిగాయి. అయినా పిల్ల తలను తలచుకుని, పేరూ ఫోన్ నంబరూ రాసి సంతకం పెట్టేసిందామె.

శనివారమే మేస్త్రీ వచ్చి పాత పెచ్చులన్నీ రాల్చి కొత్త పూత పూశాడు. సోమవారం కూతురు ప్రాక్టికల్స్ ముగించుకుని క్షేమంగా ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంది. తల్లి గుండె కుదుటపడిందో లేదో, ఫోన్ మోగింది.

“భవన బాధ్యులేనా అండీ? లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. అరగంట నించి ఇద్దరం ఇరుక్కుపోయాం. ఊపిరాడ్డం లేదు, తొందరగా ఎవర్నైనా పంపండి!”

“అయ్యయ్యో! ఎవరు బాబూ మీరు?”

“నేను రిజిస్ట్రార్నమ్మా, పక్కన మేనేజరు గారు. ఇక్కడ బోర్డు మీద మీ నంబరొక్కటే ఉంది!”