మనుషుల్లేని ఫొటో

“ఆ ఫొటో చూపిస్తేనే ఈ కుర్చీలోంచి లేస్తాను,” అంది ఎర్లిందా. ఎగ్జిబిషన్ హాలు నట్టనడుమకి కుర్చీ లాక్కుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

గ్యాలరీ యజమానురాలు గ్రసియేలాకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇంకాసేపట్లో రాజధాని నుంచి పెద్దమనుషులు దిగుతారు. మెస్కల్ సారా గ్లాసులు బల్లమీద సర్దేసి ఉన్నాయి. ఈవిడ చూస్తే మెడలో కొడుకు నబోర్ ఫొటో అట్టముక్క మీద అంటించి వేలాడేసుకుంది. దాని కింద ‘ఎక్కడున్నాడు?’ అని ఎర్ర సిరాతో రాసి ఉంది. ఇలాంటి తల్లులు మా పక్క ఏ ఊళ్ళో చూసినా కనిపిస్తారు. చూసి చూసి మాకు అలవాటైపోయింది, చెప్పుకోడానికే సిగ్గుచేటు.

“మంచిమాటగా చెప్తున్నానమ్మా, లేవండి. లేకపోతే వాచ్‌మన్‌ని పిలవాల్సొస్తుంది.”

“పిలువు తల్లీ. బడిపంతులమ్మని నేను. కోతిమూక లాంటి పిల్లల్నే కిక్కురుమనకుండా కూర్చోబెట్టినదాన్ని, నీ వాచ్‌మన్‌కి జడుస్తానా?”

వాచ్‌మన్ రానే వచ్చాడు. ఆవిడ మెడలోని ఫొటో చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, గోడవారకి పోయి నిలబడ్డాడు. ఇక చేసేది లేక గ్రసియేలా వెళ్ళి ఫొటోగ్రాఫర్ లిసాండ్రోనే వెంటబెట్టుకొచ్చింది.

లిసాండ్రో మామూలు ఫొటోగ్రాఫర్ కాదు. కిటకిటలాడే సంతలో స్టాండు పాతి, కెమెరా కంటికి నల్ల అద్దం బిగించి, పొద్దున్నే తెరిచి సాయంత్రానికి మూస్తాడు. అంతసేపట్లో ఎంతమంది అటూ ఇటూ తిరిగినా ఒక్కడి జాడ కూడా ఫిల్ము మీద పడదు. కదలని గోడలూ, అరుగులూ, చర్చి మెట్లూ మాత్రం అచ్చు గుద్దినట్టు మిగులుతాయి. జాతరనాడు తీసినా సరే, ఊరు ఊరంతా ఖాళీ! వాటిని చూసి పెద్దపెద్ద విమర్శకులు నోళ్ళు వెళ్ళబెడతారు. మా ఆవిడ మాత్రం “పాపం, ఆ జనాన్నంతా ఏం చేశాడో” అంటుంది.

“మా ఊరు సాన్ హసింతో వచ్చారు కదా బాబూ, పోయినేడు కందెలారియా పండగనాడు?” అంది ఎర్లిందా. “చర్చి మెట్ల మీద కెమెరా పెట్టారు. మీకు తినడానికి మొక్కజొన్న తమాలెలు నేనే పెట్టాను.”

“గుర్తులేకేం టీచరమ్మా! ఆ పచ్చిమిరప కారానికి నా ముక్కులు కారిపోయాయి.”

“ఆ పూటే నా కొడుకు ఊరి నీళ్ళు ఎవరు అమ్ముకుంటున్నారో అడుగుతానని మునిసిపల్ ఆఫీసులోకి వెళ్ళాడు. లోపలికి వెళ్ళడం నేను చూశాను. బయటికి రాడని నాకేం తెలుసు? తెలిస్తే మీకు తమాలెలు పెడుతూ నిలబడేదాన్నా?” ఆవిడ పైటలా కప్పుకున్న శాలువాతో కళ్ళు ఒత్తుకుంది. “ఆ రోజు తీసిన ఫొటో కావాలి. ఇక్కడి గోడలన్నీ వెతికాను. లేదు.”

లిసాండ్రో ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మనిషి మంచివాడే.

“అబ్బాయి అందులో ఉండడమ్మా. నా ముందునుంచి నాలుగుసార్లు నడిచినా నా కెమెరాకి ఆనడు. నడిచే మనిషిని పట్టుకోవడం దానివల్ల కాదు. లేనిపోని ఆశ పెట్టి పంపితే నాకే పాపం.”

“తెలుసు. గేటు దగ్గరిచ్చిన కాగితంలో అదే రాశారు. అక్షరం వదలకుండా చదివాను.”

“మరింకెందుకమ్మా?”

“చూపించండి.”

“పోనీ, మీ బొమ్మ ఒకటి తీసిస్తాను. డబ్బేమీ వద్దు.”

“నా మొహం నాకెందుకు నాయనా? రోజూ అద్దంలో చూసి ఏడుస్తూనే ఉన్నాను. స్టేషన్‌కి వెళ్ళాను, ఆసుపత్రికి వెళ్ళాను, శవాల గదికీ వెళ్ళాను. అందరూ రేపు రమ్మన్నవాళ్ళే. మీరూ రేపు రమ్మంటారేమో, రేపు కూడా ఈ కుర్చీలోనే ఉంటాను.”

బయట కార్లు ఆగిన చప్పుడైంది. “చూపించి పారెయ్యరాదూ లిసాండ్రో!” అంది గ్రసియేలా పళ్ళ బిగువున. “పీడా పోతుంది!”

దాంతో లిసాండ్రోకి తిక్క రేగింది. చటుక్కున లేచాడు.

“పరువు తక్కువ పని చెప్పకు! ఆ ఫొటో పాడైంది. నా పేరుతో అది బయటికి రావడానికి వీల్లేదు. ఫిల్ము కూడా ఈపాటికి తగలెయ్యాల్సింది, బద్ధకం కొద్దీ పెట్టెలో పడేశాను.”

“పాడవడమంటే ఏమైంది?” అంది ఎర్లిందా.

“ఏం చెప్పమంటారు! ఎర్రటి ఎండలో రోజంతా కాపలా కాశాను. పండగ జనం మొత్తం మాయం, కూడలంతా కడిగిన పళ్ళెంలా వచ్చింది. కానీ ఏం లాభం? ఎవడో వెధవ మునిసిపల్ ఆఫీసు పక్కగుమ్మానికి ట్రక్కు ఆనించి పెట్టాడు. ఇప్పుడు తీస్తాడు, అప్పుడు తీస్తాడు అనుకుంటూ కూర్చున్నాను. నేను కెమెరా మూసేదాకా అంగుళం కదిపితే ఒట్టు! బొమ్మ మధ్యలో అదొక్కటే, బోల్టులతో సహా స్పష్టంగా పడి చచ్చింది.”

ఎర్లిందా కుర్చీలోంచి లేచింది.

“ఆ రోజు అక్కడికి ఏ బండీ రాలేదని ఆఫీసు ఆఫీసంతా జడ్జిగారి ముందు ప్రమాణం చేసింది బాబూ. నెంబరు కనిపిస్తోందా?”