దశరథరామయ్య పడవెక్కాడు

"లోతెంత ఉంటుందయ్యా?" దశరథరామయ్య మళ్లీ అడిగాడు.

"మీరు నిలబడితే మోకాలు కూడా తడవదు బాబాయ్ గారూ," అన్నాడు జోజిబాబు. జనాన్ని పడవలెక్కించే పని అతనిది. లైఫ్ జాకెట్ తెచ్చి ఆయనకు తొడిగి పట్టీలు బిగించాడు.

"ఇంకొంచెం బిగించు."

"ఇంకా బిగిస్తే ఊపిరాడదండీ."

"పర్లేదు, బిగించు."

తిరువూరు ఊరి చివర చెరువులో ఆ రోజే జలక్రీడల పండగ మొదలైంది. ఏ ఆటంకం వచ్చినా చెప్పిన తేదీకే జరిపి తీరతామని నిర్వాహకులు ఊరంతా మైకు తిప్పి చెప్పారు. అన్నట్టే జరుపుతున్నారు. గట్టు మీద రంగు జెండాలు, బజ్జీల బండి, పిల్లలకు రంగులరాట్నం, 'కుటుంబ సమేతంగా రండి' అని పెద్ద బ్యానరు.

దశరథరామయ్య ఊరు వినగడప. మామిడి రైతు. తోటలో పాము కనిపిస్తే తోక పట్టుకుని అవతల పారేసే మనిషి. పడవ పేరెత్తితే మాత్రం ఆయన అరచేతులు చల్లబడతాయి. పెళ్లయిన కొత్తలో భార్య నాగేశ్వరమ్మతో కృష్ణ దాటుతుంటే నాటుపడవ ఒక పక్కకి ఒరిగింది. వెంటనే సర్దుకుంది కూడా. ఎవరికీ ఏమీ కాలేదు, ఆయనకు తప్ప. ఆ తర్వాత పడవ బొమ్మ ఉన్న క్యాలెండరు కూడా ఇంట్లో తగిలించనివ్వలేదు.

నాగేశ్వరమ్మకేమో పాపికొండలు చూడాలని కోరిక. గోదావరి మీద బోటులో వెళ్లాలి. వదినలు, చెల్లెళ్లు అందరూ వెళ్లొచ్చి ఫొటోలు చూపించారు. ఆవిడ మొదట్లో అడిగేది, తర్వాత మానేసింది. అడిగినన్నాళ్లూ విసుక్కున్న ఆయనకు, అడగడం మానేశాకే బాధ మొదలైంది.

అందుకే అల్లుడు గిరిబాబు రమ్మనగానే కాదనలేక ఆవిడను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఇంత అనుకూలంగా మళ్లీ ఉండదు మావయ్యగారూ," అన్నాడు గిరిబాబు. "ఇవాళ ఎక్కకపోతే మీరింక ఈ జన్మలో ఎక్కరు."

"ఆయన చెప్పింది నిజమే నాన్నా," అంది కూతురు సౌజన్య.

దశరథరామయ్య కూతుర్ని పక్కకి పిలిచాడు. "బోరు స్టార్టరు పాడైందమ్మా. నాకేమన్నా అయితే బాగు చేయించుకోండి."

"అలాగే నాన్నా, ముందు ఎక్కండి."

పసుపు రంగు ప్లాస్టిక్ పడవ. ఆయన ఒక కాలు లోపల పెట్టాడు. రెండోది పెట్టలేక అలాగే నిలబడిపోయాడు. వెనక వరసలో వాళ్లు గొణగడం మొదలుపెట్టారు.

"భయపడకండి పెద్దాయనా," అంది మైకు. "పొద్దుట్నుంచి మన పండగలో ఒక్కరు కూడా మునగలేదు."

ఆయన రెండో కాలు కూడా పెట్టి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. మొదటిసారి ఎక్కేవాళ్లను తాడు కట్టి లాగుతారట. జోజిబాబు తాడు అందుకున్నాడు. పడవ కదిలింది.

"ఏంటా గరగర?"

"అడుగు తగులుతోందండీ. మీరు తెడ్డు వేస్తూ ఉండండి."

ఆయన తెడ్డు ఇటు వేశాడు, అటు వేశాడు. వేణుగోపాలస్వామికి మొక్కాడు. నెమలి ఊళ్లో ఉన్న ఆయన గుడికి కాలినడకన వస్తానన్నాడు. ఆ మొక్కు పూర్తి కాకముందే పడవ ఒక పక్కకి ఒరిగింది.

పాత పడవ గుర్తొచ్చి ఆయన రెండో పక్కకి దూకినంత పని చేశాడు. పడవ బోర్లా పడింది. ఆయనా పడ్డాడు. ఊపిరి బిగబట్టి, కాళ్లూ చేతులూ కొట్టుకోసాగాడు. గట్టు మీద నుంచి ఇద్దరు లైఫ్ గార్డులు ఈలలు ఊదుతూ పరుగెత్తుకొచ్చారు.

"లేచి నిలబడండి బాబాయ్ గారూ," అన్నాడు జోజిబాబు. "నిలబడితే చాలు."

దశరథరామయ్య నిలబడ్డాడు. నోట్లోకి పోయింది ఉమ్మేశాడు. తనను తాను తడిమి చూసుకున్నాడు. పడవ తిరగబడింది, తను బతికే ఉన్నాడు. ఇన్నేళ్లూ ఈ రెండూ కలిసి జరగవనుకున్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. ఆయనే వంగి పడవను తిరగేశాడు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చున్నాడు. గట్టు వైపు తిరిగి కేకేశాడు.

"ఏమేవ్, నువ్వూ రా."

నాగేశ్వరమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, గబగబా నడిచొచ్చి ఆయన వెనక కూర్చుంది. ఈసారి లైఫ్ గార్డులు కూడా తాడు పట్టారు. పడవ అవతలి గట్టు దాకా వెళ్లింది. దారంతా ఆయన తెడ్డు వేస్తూనే ఉన్నాడు. ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది.

తిరిగొచ్చాక మాసిన పంచె మార్చుకుని, ఆయన అల్లుణ్ని పిలిచాడు.

"గిరీ, పాపికొండలకి టికెట్లు తియ్యి. బోటులో ముందు వరస ఉండాలి."

నాగేశ్వరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. దశరథరామయ్య జాకెట్ విప్పి జోజిబాబు చేతికిచ్చాడు. అతను చెమటలు కక్కుతూ ఆయాసపడుతున్నాడు.

"రేపు కూడా వస్తామయ్యా. మా పసుపు పడవ వేరేవాళ్లకి ఇవ్వకు."

"రేపైతే ఒకసారి ఆలోచించుకుని రండి బాబాయ్ గారూ, పొద్దున్నే ఈ ఎండు చెరువులోకి నీళ్లు వదులుతున్నారు," అన్నాడు జోజిబాబు.